పాత డెక్కు, కొత్త టీవీ: బొమ్మ పడాలంటే

కొత్త టీవీ గోడకెక్కింది. బిగించడానికొచ్చిన కుర్రాడు రిమోట్ చేతికిచ్చి, యూట్యూబ్ ఒకసారి చూపించి వెళ్లిపోయాడు. మరి కింద షెల్ఫులో ఉన్న పాత సామాను సంగతి? వీసీఆర్ ఉంది. మూడు రంగుల వైర్ల డీవీడీ ప్లేయర్ ఉంది. పిల్లలు ఆడుకున్న టీవీ గేము ఉంది. బీరువా పైఅరలో హ్యాండీక్యామ్ ఉంది. పెళ్లి క్యాసెట్ ఒకసారి వేయరా అని అమ్మ అడుగుతోంది. మీరు టీవీ వెనక తల దూర్చి చూస్తే పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లు ఎక్కడా కనపడలేదు. "ఇంకెందుకివి, పాత సామాన్లవాడికి వేసేయండి" అని ఇంట్లో ఎవరో ఒకరు ఈపాటికి అనేసే ఉంటారు.

వేసేయకండి. చాలా ఇళ్లలో ఈ పని ఒక వైరుతోనో, కొన్ని వందల రూపాయల చిన్న డబ్బాతోనో అయిపోతుంది. అవనిచోట ఎందుకు అవదన్నది కూడా కాసేపట్లోనే తేలిపోతుంది. ఎలక్ట్రానిక్స్ పాఠమేమీ చెప్పబోవడం లేదు. బొమ్మ పడాలి, మాట వినపడాలి, తెరమీద మనుషులు పొట్టిగా లావుగా అయిపోకూడదు. మనకు కావలసింది అంతే.

దుకాణానికి తర్వాత వెళ్దురుగాని. ముందు టార్చిలైటు పట్టుకోండి.

1. పాత పెట్టెను వెనక్కి తిప్పండి

అందరూ టీవీ దగ్గర మొదలుపెడతారు. మీరు పాత పెట్టె దగ్గర మొదలుపెట్టండి, బొమ్మ బయల్దేరేది అక్కణ్నుంచే కాబట్టి. వెనకవైపు దుమ్ము తుడిచి, 'అవుట్' అని రాసి ఉన్న సాకెట్లేవో చూడండి. ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. రేపు దుకాణంలో "అదేదో గుండ్రంగా ఉంటుందండీ" అని చేతులు తిప్పే అవస్థ తప్పుతుంది.

పసుపు, తెలుపు, ఎరుపు వరసగా ఉంటే అది మనందరికీ తెలిసిన ఏవీ. పసుపులో బొమ్మ వస్తుంది, తెలుపులో ఎడమవైపు శబ్దం, ఎరుపులో కుడివైపు శబ్దం. కొన్ని పాత వీసీఆర్‌లకు శబ్దానికి ఒక్క సాకెట్టే ఉంటుంది. అది పోయిందనో విరిగిందనో అనుకోవద్దు, ఆ పెట్టె మోనో, అంతే.

ఆకుపచ్చ, నీలం, ఎరుపు ఉంటే కాంపొనెంట్. డీవీడీ ప్లేయర్ల వెనక కనిపిస్తుంది. ఈ మూడింట్లోనూ వచ్చేది బొమ్మే. శబ్దానికి తెలుపు, ఎరుపు మళ్లీ విడిగా పెట్టాలి. అంటే ఎరుపు పిన్నులు రెండవుతాయి, అవి తారుమారయ్యేది ఇక్కడే. నాలుగు సన్న రంధ్రాల గుండ్రటి సాకెట్ ఎస్-వీడియో. బొమ్మ పసుపు వైరుకన్నా కాస్త శుభ్రంగా వస్తుంది, శబ్దం మాత్రం రాదు. పాత ల్యాప్‌టాప్ పక్కన 15 రంధ్రాలతో ఉండేది వీజీఏ. ఆంటెన్నా వైరు దూర్చే సాకెట్ మీద 'ఆర్ఎఫ్ అవుట్' అని ఉంటే అదీ పనికొస్తుంది, ఆఖరి దిక్కుగా.

ఇవన్నీ ఇలా ఉంటే, సన్నగా పలకలాంటి హెచ్‌డీఎంఐ సాకెట్ కనపడిందా? హెచ్‌డీఎంఐ తొలి ప్రమాణం 2002 చివర్లో వచ్చింది. ఆ తర్వాతి కాలపు డీవీడీ ప్లేయర్లలో చాలావాటికి అది ఉంటుంది, మనమే చూసుకోం. పాత టీవీకి పసుపు వైరే పెట్టాం గనక కొత్త టీవీకీ అదే వెతుక్కుంటాం. హెచ్‌డీఎంఐ ఉంటే ఒక్క వైరు కొనండి, బొమ్మా శబ్దమూ రెండూ అందులోనే వస్తాయి. మీరు నేరుగా బొమ్మ వెడల్పు గురించి చెప్పిన 7వ సలహాకు వెళ్లిపోవచ్చు.

ఒకే పెట్టెకు రెండు మూడు రకాలుంటే ఏది వాడాలి? ముందు హెచ్‌డీఎంఐ. అది లేకపోతే కాంపొనెంట్, తర్వాత ఎస్-వీడియో, తర్వాత పసుపు. ఏదీ లేకపోతేనే ఆంటెన్నా పిన్ను.

2. ఇప్పుడు టీవీ వెనక చూడండి, అట్టపెట్టె కూడా వెతకండి

టీవీలో 'ఇన్' అని ఉన్నవే మనకు కావాలి. మూడు రంగుల సాకెట్లు కనపడనంత మాత్రాన లేవని తేల్చేయకండి. చాలా కంపెనీలు స్థలం కలిసొస్తుందని వాటిని తీసేసి, ఇయర్‌ఫోన్ రంధ్రంలాంటి ఒక చిన్న రంధ్రంలో ఇరికించాయి. పక్కన 'ఏవీ ఇన్' అని సన్నగా రాసి ఉంటుంది. దానికి పెట్టే జానెడు వైరు టీవీతోపాటే వస్తుంది. ఒక చివర నల్ల పిన్ను, రెండో చివర మూడు రంగుల సాకెట్లు. చాలామంది ఇళ్లలో ఆ వైరు థర్మోకోల్ ముక్కలతోపాటు అటకమీదే ఉంటుంది. వెతకండి. అది పోతే కొత్తది కొనేటప్పుడు మీ టీవీ మోడల్ చెప్పి కొనండి, ఎందుకో హ్యాండీక్యామ్ దగ్గర చెబుతాను.

కొన్ని టీవీల్లో పసుపు సాకెట్ ఉండదు, ఆకుపచ్చ సాకెట్టే రెండు పనులూ చేస్తుంది. దాని చుట్టూ సగం పసుపు రంగు వేసి ఉంటుంది, లేదా 'వీడియో' అనే మాట కూడా రాసి ఉంటుంది. అప్పుడు పసుపు పిన్ను ఆకుపచ్చలో పెట్టి, సోర్స్ జాబితాలో 'ఏవీ' ఎంచుకోండి. అక్కడ 'కాంపొనెంట్' ఎంచుకున్నారో, బొమ్మ వస్తుంది గానీ రంగుండదు. పెళ్లికూతురి పట్టుచీర బూడిదరంగులో కనిపిస్తుంది. దీన్ని చూసే చాలామంది క్యాసెట్ రంగు వెలిసిపోయిందని బాధపడిపోతారు. క్యాసెట్‌కేమీ కాలేదు, సోర్స్ మార్చండి.

వెనక హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ తప్ప ఇంకేమీ లేదా? మీకు కన్వర్టర్ కావాలి.

3. కన్వర్టర్ కొనేటప్పుడు దిక్కు మరిచిపోకండి

ఈ అధ్యాయంలో ఒక్క పేరాయే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి. కన్వర్టర్ ఒకే దిక్కున పనిచేస్తుంది. మనకు కావలసింది ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చేది. అంగట్లో దాని పక్కనే, అదే సైజులో, అదే రంగులో ఇంకో డబ్బా ఉంటుంది. అది హెచ్‌డీఎంఐని ఏవీగా మారుస్తుంది, అంటే కొత్త పెట్టెను పాత డబ్బా టీవీకి పెట్టుకునేవాళ్లకు. రెండింటికీ ఒకవైపు మూడు రంగుల సాకెట్లు, రెండోవైపు హెచ్‌డీఎంఐ ఉంటాయి. చూడ్డానికి కవలలు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనైనా, మీ ఊరి బస్టాండు పక్క మొబైల్ షాపులోనైనా మాటలు ఇలాగే నడుస్తాయి:

"అన్నా, ఏవీ, హెచ్‌డీఎంఐ కన్వర్టర్ ఉందా?"

"ఉంది సార్. ఇదిగో."

"టీవీకి పెట్టుకోవచ్చా?"

"ఏ టీవీకైనా పెట్టుకోవచ్చు సార్."

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇంటికొచ్చాక మాత్రం బొమ్మ రాదు. అడగాల్సింది ఇలా: "అన్నా, మాది పాత వీసీఆర్, కొత్త టీవీ. వీసీఆర్ నుంచి పసుపు వైరు వస్తుంది, టీవీలో హెచ్‌డీఎంఐ ఉంది. దానికి ఇవ్వు." ఆ తర్వాత డబ్బా మీద అక్షరాలు చదవండి. పసుపు సాకెట్ పక్కన 'ఇన్‌పుట్' అనీ, హెచ్‌డీఎంఐ పక్కన 'అవుట్‌పుట్' అనీ ఉండాలి. ఆన్‌లైన్‌లో కొంటున్నా సరే, ఫొటో పెద్దది చేసి ఇదే చూడండి.

దీనికంటే చౌకగా, ఒక చివర హెచ్‌డీఎంఐ, రెండో చివర మూడు రంగుల పిన్నులతో ఉత్త వైరు కూడా అమ్ముతారు. అది మన పనికి రాదు. పసుపు వైరులో వచ్చేది అనలాగ్, హెచ్‌డీఎంఐలో పోవాల్సింది డిజిటల్. మధ్యలో మార్చే చిప్పు, దానికి కరెంటు లేకుండా ఆ పని జరగదు. కరెంటు వైరు లేని ఏవీ కన్వర్టర్ అని ఎవరైనా చూపిస్తే నమస్కారం పెట్టి ముందుకు నడవండి.

బంగారు పూత పిన్నులు, హెచ్‌డీ క్వాలిటీ ఏవీ వైరు అంటూ ఎక్కువ ధర చెబితే ఆ డబ్బు దాచుకోండి. క్యాసెట్‌లో లేని వివరాన్ని ఏ వైరూ తీసుకురాలేదు. పిన్ను బిగువుగా కూర్చుంటే చాలు.

4. కలిపే వరస

రెండూ ఆఫ్ చేసి మొదలుపెట్టండి. పెట్టె వెనక 'అవుట్'లో మూడు పిన్నులు, కన్వర్టర్ 'ఇన్‌పుట్'లో రెండో చివర, రంగుకు రంగు. కన్వర్టర్ నుంచి హెచ్‌డీఎంఐ వైరు టీవీకి. ఏఆర్‌సీ అని రాసి ఉన్న సాకెట్ సౌండ్‌బార్ కోసం వదిలేసి మరోదాంట్లో పెట్టండి. కన్వర్టర్‌కు 5 వోల్టుల కరెంటు కావాలి. టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వొచ్చు గానీ, పాత ఫోన్ చార్జర్ నుంచి ఇస్తే నిలకడగా ఉంటుంది. బొమ్మ మధ్యమధ్యలో పోయి వస్తోందంటే ముందు అనుమానించాల్సింది ఈ కరెంటునే.

కన్వర్టర్ మీద లైటు వెలిగిందా? ఇప్పుడు టీవీ రిమోట్‌లో సోర్స్ లేదా ఇన్‌పుట్ బటన్ నొక్కి, మీరు వైరు పెట్టిన హెచ్‌డీఎంఐ నంబరే ఎంచుకోండి. కన్వర్టర్ పక్కన 720, 1080 అని చిన్న మీట ఉంటుంది. ఒకదాంట్లో బొమ్మ రాకపోతే రెండోవైపు జరిపి చూడండి. ఆ మీట 1080 వైపు తోసినంత మాత్రాన పాత బొమ్మ హెచ్‌డీ అవదు. కొలత పెరుగుతుంది, అంతే.

బొమ్మ రాకపోతే? వైర్లన్నీ ఒక్కసారి పీకేసి మళ్లీ పెట్టడం మన అలవాటు. అలా చేస్తే తప్పెక్కడుందో ఎప్పటికీ తెలీదు. ఒక్కొక్కటిగా చూడండి. తెరమీద 'నో సిగ్నల్' వస్తోందా, లేక నీలం తెరో నల్ల తెరో వస్తోందా? 'నో సిగ్నల్' అంటే చాలాసార్లు టీవీకి, కన్వర్టర్‌కు మధ్య తేడా: సోర్స్ నంబరు, హెచ్‌డీఎంఐ వైరు, కరెంటు. రంగు తెర వస్తోందంటే కన్వర్టర్ పనిచేస్తోంది, తప్పు పాత పెట్టె వైపుంది. అప్పుడు పసుపు పిన్ను 'ఇన్'లో పెట్టారేమో చూడండి. వీసీఆర్‌లకు ఇన్, అవుట్ రెండూ పక్కపక్కనే ఉంటాయి. బొమ్మకు బదులు స్పీకర్లలో బర్రుమని మోత వస్తే పసుపు, తెలుపు తారుమారయ్యాయి.

5. వీసీఆర్ ఉన్నవాళ్లకు మరికొన్ని మాటలు

టీవీ, డెక్కు అద్దెకు తెచ్చుకుని, వీధిలో వాళ్లందరినీ పిలిచి, తెల్లారేదాకా సినిమాలు చూసిన తరానికి ఈ యంత్రం మీద ఒక ప్రేమ ఉంటుంది. జపాన్‌లో జేవీసీ వాళ్లు వీహెచ్ఎస్ అనే ఈ క్యాసెట్ పద్ధతి తెచ్చింది 1976లో. చివరిదాకా చేస్తూ వచ్చిన అక్కడి ఫునాయ్ కంపెనీ కూడా 2016 జులైలో వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. అంటే మీ దగ్గరున్నది ఎంత కొత్తదైనా పాతదే, లోపల రబ్బరు బెల్టులు సాగిపోయి ఉండొచ్చు. కాబట్టి దయచేసి మొదట పెళ్లి క్యాసెట్ పెట్టకండి. పోయినా ఏడవక్కర్లేని ఏదైనా డబ్బింగ్ సినిమా క్యాసెట్ పెట్టి, కాసేపు తిప్పి, బయటికి తీసి, టేపు నలగలేదని చూసుకున్నాకే అసలుది పెట్టండి.

పెట్టేముందు క్యాసెట్ కిటికీలోంచి వెలుతురులో చూడండి. టేపు చుట్ట అంచుమీద తెల్లగా పొడిలాగా, సాలెగూడులాగా కనపడుతోందా? అది బూజు. మన వానాకాలపు చెమ్మకు, కోస్తా ఊళ్లలో మరీనూ, ఇది మామూలే. బూజు పట్టిన క్యాసెట్‌ను వీసీఆర్‌లో పెడితే ఆ బూజు హెడ్‌కు అంటుకుంటుంది, అక్కణ్నుంచి మిగతా క్యాసెట్లకు పాకుతుంది. దాన్ని విడిగా కవర్లో పెట్టి, క్యాసెట్లు శుభ్రం చేసేవాళ్లకు ఇవ్వండి. బూజు లేని క్యాసెట్‌నైనా ఏళ్లతరబడి తిప్పకపోతే ముందు చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ రివైండ్ చేసి, ఆ తర్వాత ప్లే నొక్కండి. అంటుకున్న పొరలు వదులవుతాయి.

క్యాసెట్ వెన్నుమీద ఓ మూల చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది విరగ్గొట్టి ఉంటే క్యాసెట్ మీద పొరపాటున రికార్డు అవదు. విరగకుండా ఉంటే, చిన్న స్క్రూడ్రైవర్‌తో ఇప్పుడే విరిచేయండి. చీకట్లో ప్లే అనుకుని రికార్డు బటన్ నొక్కితే తలంబ్రాలు పోతాయి.

బొమ్మలో అడ్డంగా గీతలు వస్తుంటే వీసీఆర్ మీద ట్రాకింగ్ బటన్లు అటూ ఇటూ నొక్కండి. ఒకటి మాత్రం ట్రాకింగ్‌తో పోదు: బొమ్మ కింది అంచున సన్నటి పట్టీలాగా వణుకుతూ ఉండే గీత. అది కొత్తగా వచ్చిన జబ్బేమీ కాదు, మొదటినుంచీ ఉంది. పాత డబ్బా టీవీ బొమ్మ అంచులు నాలుగువైపులా తన చట్రం వెనక దాచేసేది. కొత్త టీవీ అంచుదాకా మొత్తం చూపిస్తుంది.

ఇంకో చిక్కుంది. బాగా అరిగిన క్యాసెట్ పాత టీవీలో వణుకుతూనైనా ఆడేది. కొత్త టీవీలో అదే చోట తెర ఒక్కసారి నీలమైపోయి 'నో సిగ్నల్' అంటుంది. పాత టీవీ తడబడే సిగ్నల్‌ను సర్దుకుపోయేది. కొత్తది లెక్క తప్పితే బొమ్మే ఆపేస్తుంది. అలాంటి క్యాసెట్‌కు మీ వైర్లతో పని అవదు, క్యాసెట్లు మార్చిపెట్టే స్టూడియోకు వెళ్లడమే మేలు.

6. డీవీడీ, హ్యాండీక్యామ్, గేము, ల్యాప్‌టాప్

డీవీడీ ప్లేయర్‌లో వైర్లన్నీ సరిగ్గా ఉన్నా బొమ్మ రాకపోతే దాని సెటప్ మెనూలో 'వీడియో అవుట్' చూడండి. అక్కడ 'కాంపొనెంట్' అనో 'పీ-స్కాన్' అనో ఉండిపోతే పసుపు వైరులో బొమ్మ రాకపోవచ్చు, వచ్చినా చెదిరిపోవచ్చు. మెనూయే కనపడకపోతే ఎలా మార్చాలి? డిస్కు తీసేసి, రిమోట్ మీద 'వీడియో అవుట్', 'పీ-స్కాన్' లాంటి పేరున్న బటన్ ఉంటే ఒక్కొక్కసారే నొక్కుతూ తెర చూస్తుండండి.

హ్యాండీక్యామ్‌కు ఇయర్‌ఫోన్‌లాంటి పిన్ను, రెండో చివర మూడు రంగులు. టీవీతో వచ్చిన వైరూ చూడ్డానికి ఇంచుమించు ఇలాగే ఉంటుంది. కానీ ఆ చిన్న పిన్నులోని నాలుగు వలయాల్లో బొమ్మ ఎక్కడ, శబ్దం ఎక్కడ అన్నది కంపెనీ కంపెనీకీ మారుతుంది. అందుకే మోడల్ చెప్పి కొనమన్నాను. తప్పు వైరు పెడితే బొమ్మ రాదు, స్పీకర్లో మోత వస్తుంది. డబ్బులు పెట్టేముందు ఒక చిట్కా చేసి చూడండి: పసుపు సాకెట్‌లో ఎరుపు పిన్ను, అది కాకపోతే తెలుపు పిన్ను పెట్టండి. చాలాసార్లు బొమ్మ పడుతుంది. బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది కాబట్టి హ్యాండీక్యామ్‌ను అడాప్టర్ మీదే నడపండి.

క్యాసెట్ పెట్టి ఆడే టీవీ గేములు కన్వర్టర్ ద్వారా ఆడతాయి. మీట నొక్కిన కాస్సేపటికి గానీ బొమ్మ ఎగరడం లేదా? టీవీ పిక్చర్ మోడ్‌లో 'గేమ్' అనేది ఎంచుకోండి, ఆలస్యం తగ్గుతుంది. బాతుల్ని కాల్చే తుపాకీ మాత్రం పనిచేయదు. ఆ తుపాకీ డబ్బా టీవీ తెర వెలిగే తీరును పట్టి గురి లెక్కవేసేది. ఎల్ఈడీ తెర అలా వెలగదు. మీ పిల్లలకు ముందే చెప్పేయండి.

ల్యాప్‌టాప్ వీజీఏకి కన్వర్టర్ వేరే. దానికి పక్కన ఇయర్‌ఫోన్ రంధ్రం ఉన్నది కొనండి, వీజీఏలో శబ్దం రాదు గనక దాన్ని విడిగా అందించాలి.

7. తెర నిండా సాగదీయకండి

ఇక్కడ కాస్త గట్టిగానే చెబుతాను. చాలా ఇళ్లలో పాత వీడియో పెట్టగానే తెరకు అటూ ఇటూ నల్ల పట్టీలు కనపడతాయి, వెంటనే ఎవరో రిమోట్ లాక్కుని తెర నిండేదాకా సాగదీస్తారు. సన్నగా ఉన్న పెళ్లికొడుకు పహిల్వాన్ అవుతాడు, కారు చక్రం కోడిగుడ్డవుతుంది. "ఏమిట్రా, అన్నయ్య ఇంత లావుగా ఉండేవాడా?" అని అత్తయ్య అడుగుతుంది. పాత టీవీ కొలత 4:3, కొత్తది 16:9. ఆ నల్ల పట్టీలు ఉండాల్సినవే. రిమోట్‌లో పిక్చర్ సైజ్, యాస్పెక్ట్, జూమ్ లాంటి పేర్లలో ఒకటి వెతికి, 4:3 ఎంచుకోండి. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి గుండ్రటి వస్తువు దగ్గర ఆపి చూడండి: గోడ గడియారం, పళ్లెం, నుదుటి బొట్టు. గుండ్రంగా ఉంటే సరే. జూమ్ పెడితే మనుషులు సరిగ్గానే ఉంటారు గానీ పైనా కిందా తెగిపోతుంది, పందిట్లో నిలబడ్డవాళ్ల తలలు పోతాయి.

కొన్ని టీవీలు హెచ్‌డీఎంఐ మీద 4:3 ఇవ్వవు, చౌక కన్వర్టర్ తనే సాగదీసి పంపుతుంది. కన్వర్టర్ కొనేముందు మీ టీవీ మెనూలో ఆ సౌకర్యం ఉందో లేదో చూసుకోవడం మంచిది.

ఇక మసక సంగతి. "ఇంత ఖరీదు పెట్టి కొన్నాం, పాత టీవీలోనే బాగుంది కదా" అంటారు. నిజమే, ఆ మాటకు కారణముంది. మన దేశపు డీవీడీ బొమ్మలో అడ్డంగా 720, నిలువునా 576 చుక్కలుంటాయి. 4కే టీవీలో 3840, 2160. గుణించి చూడండి: ఒక్క చుక్క ఉన్నచోట టీవీ 20 చుక్కలు నింపాలి. మిగతా 19 తను ఊహించి నింపినవే. వీసీడీ అయితే 352, 288 మాత్రమే, అంటే ఒక చుక్కకు 80కి పైగా. వీహెచ్ఎస్ క్యాసెట్‌లో వివరం డీవీడీలో సగం కూడా ఉండదు. మీరు చేయగలిగింది ఆ ఊహను అదుపులో పెట్టడం. పిక్చర్ మోడ్‌లో 'వివిడ్', 'డైనమిక్' తీసేసి 'సినిమా' లేదా 'స్టాండర్డ్' పెట్టండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. పెంచితే ముఖాల చుట్టూ తెల్లటి గీత వస్తుంది తప్ప ముఖం స్పష్టమవదు. ఆ తర్వాత సోఫాను కాస్త వెనక్కి జరపండి. ఖర్చు లేని ఈ చివరి పనే ఎక్కువ ఫలితమిస్తుంది.

8. అమెరికా క్యాసెట్లు, అమెరికా పెట్టెలు

అక్కడున్న అబ్బాయి పాప మొదటి పుట్టినరోజు క్యాసెట్ పంపాడు, ఇక్కడ వేస్తే బొమ్మ దొర్లుతోంది. లేదా ఇక్కడి పెళ్లి క్యాసెట్ డాలస్‌లో ఆడలేదు. మనది 625 గీతల పాల్ పద్ధతి, అక్కడిది 525 గీతల ఎన్‌టీఎస్‌సీ. కొత్త టీవీలు, కన్వర్టర్లు చాలావరకు రెండూ అర్థం చేసుకుంటాయి. వీసీఆర్ అలా కాదు, ఒకటి తెలిసిందైతే రెండోది దానికి తెలీదు. ముందువైపు 'మల్టీ సిస్టమ్' అనో 'ఎన్‌టీఎస్‌సీ ప్లేబ్యాక్' అనో ఉందేమో చూడండి. లేకపోతే వైర్లతో కుస్తీ పట్టి లాభం లేదు.

అక్కణ్నుంచి తెచ్చిన వీసీఆర్‌ను మన ప్లగ్గులో పెట్టేముందు వెనక చదవండి. 120 వోల్టులనే ఉంటే మన 230 వోల్టులకు కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పిన్ను మార్చే అడాప్టర్ పెట్టి సరిపోయిందనుకోకండి, అది ప్లగ్గు ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు.

9. పాత హోమ్ థియేటర్ ఉంటే

టీవీ మాట దాని పెద్ద స్పీకర్లలో రావాలంటే టీవీ వెనక 'ఆప్టికల్' అవుట్ నుంచి తెలుపు, ఎరుపు పిన్నులుగా మార్చే చిన్న డబ్బా దొరుకుతుంది. అది పెట్టాక శబ్దం రాకపోతే టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్‌ను 'పీసీఎం'గా మార్చండి. తొంభై పాళ్లు అక్కడే ఉంటుంది తేడా.

10. బొమ్మ పడిందిగా, ఇప్పుడే ఎక్కించేయండి

పడిన రోజున అందరూ చూసి, ఆనందపడి, వైర్లు చుట్టి పైన పెట్టేస్తారు. మళ్లీ తీసేసరికి బెల్టు తెగి ఉంటుంది. వీసీఆర్ నడుస్తున్నప్పుడే క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు తీసుకుని యూఎస్‌బీలో పెట్టే క్యాప్చర్ పరికరం దొరుకుతుంది, డబ్బు ఇవ్వక్కర్లేని ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేయొచ్చు. కొలత 720, 576 చాలు. 1080 పెడితే ఫైలు బరువెక్కుతుంది, బొమ్మ మారదు. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున పెట్టుకుంటే గంట వీడియోకు రెండుంపావు జీబీ అవుతుంది.

ఈ పనిలో తొందర కుదరదు. మూడు గంటల క్యాసెట్ ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది. మొదట అయిదు నిమిషాలు ఎక్కించి, ఆపి, వేసి చూడండి. బొమ్మ ఉందా, మాట ఉందా, మంత్రానికీ పెదవులకూ పొంతన కుదిరిందా? కుదిరాకే పూర్తిగా మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్ నిద్రపోయే సెట్టింగు ఆపేయండి, చార్జర్ పెట్టే ఉంచండి. కరెంటు పోయే వేళ అయితే ఇంకోరోజు చూసుకోండి.

అద్దె సినిమా క్యాసెట్లు ఎక్కించబోతే బొమ్మ వెలుగు ఎక్కువా తక్కువా అవుతూ ఉంటుంది, కాపీ చేయకుండా వాళ్లు పెట్టిన అడ్డు అది. దాంతో కుస్తీ అనవసరం, ఆ సినిమాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. దొరకనివి మీ ఇంటివే.

ఫైలుకు 'వీడియో 1' అని పేరు పెట్టకండి. ఎవరి పెళ్లి, ఏ ఊరు, ఏ ఏడు అన్నది రాయండి. ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి వేరే ఇంట్లో ఉన్న హార్డ్‌డిస్కులో ఉంచండి. చాలా కొత్త టీవీలు ఎంపీ4 ఫైలును పెన్‌డ్రైవ్ నుంచే ఆడిస్తాయి. కాబట్టి వచ్చేసారి అమ్మ అడిగినప్పుడు ఈ వైర్లేవీ అక్కర్లేదు. క్యాసెట్ మాత్రం పారేయకండి. పూర్తిగా రివైండ్ చేసి, పెట్టెలో నిలువుగా, పుస్తకం నిలబెట్టినట్టు, స్పీకర్లకు దూరంగా పెట్టండి.